రెండు సెకన్ల సాక్ష్యము



పోయిన వేసవి సెలవులలో మన పొన్నేరి పిల్లలు, గుమ్మిడిపూండి పిల్లలు కలిసి ఒక సాయంత్రము బాస్కెట్‌బాల్ ఆడుకున్నారు. కప్పు లేదు, బహుమతి లేదు. ఆట అయిన తరువాత అందరికీ గుగ్గిళ్ళు, మజ్జిగ అని మాత్రము ముందే చెప్పారు. అటువంటి ఆటలో కూడా చివరి నిమిషములో తగాదా వచ్చింది. గడియారము చూసే అబ్బాయి మీట నొక్కడము మరిచాడు. బంతి ఆటలోకి వచ్చినా అంకెలు కదలలేదు. ఒక జట్టు కోచ్ పది సెకన్లు పోయాయి అన్నాడు. రెండవ జట్టు కోచ్ మూడే అన్నాడు. రిఫరీగా నిలబడిన తమ్ముడు అందరినీ అడిగి చూసి, చివరకు "ఎంత పోయిందో నాకు నిశ్చయముగా తెలియదు, కాబట్టి గడియారములో ఉన్నదే ఉంటుంది" అని ఆట కొనసాగించాడు. ఓడిన జట్టు కుర్రవాడొకడు ఇంటికి పోతూ నన్ను దారిలో నిలబెట్టాడు.

"అయ్యవారూ, గడియారము తప్పని అందరికీ తెలుసు. ఆ అన్నకు కూడా తెలుసు. తెలిసి తెలిసి తప్పును అట్లే ఉంచడము న్యాయమేనా?"

"నియమము అంతే నాయనా" అన్నాను. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. అది జవాబు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పిల్లవాడు ప్రశ్న అడిగినప్పుడు పుస్తకము చూపించి తప్పించుకోవద్దని ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదటి నెలలోనే నేర్పారు. అందుకే ఈ కాగితము తీసుకున్నాను. మరొక కారణము కూడా ఉన్నది. దానికి తరువాత వస్తాను.

ఈ ఆట చూసే అలవాటు లేని పెద్దల కొరకు నాలుగు మాటలు. ఫుట్‌బాల్‌లో సమయము రిఫరీ చేతి వాచీలో ఉంటుంది. ఆయన ముగిసిందంటే ముగిసినట్టే. బాస్కెట్‌బాల్‌లో అట్లా కాదు. గడియారము అందరికీ కనబడేటట్టు పెడతారు. అది వెనుకకు లెక్కపెడుతుంది, ఈల వినబడగానే ఆగుతుంది, బంతి మరల ఆటలోకి రాగానే కదులుతుంది. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఇప్పుడు పది నిమిషముల చొప్పున నాలుగు భాగములు. 2000 సంవత్సరమునకు ముందు ఇరవై నిమిషముల చొప్పున రెండే. నలభై నిమిషముల ఆటలో ఆ గడియారము ఎన్నిసార్లు ఆగి మొదలవుతుందో లెక్కపెట్టలేము. ప్రతిసారీ ఒక మనిషి వ్రేలు దానిని నొక్కాలి. అందరికీ కనబడే గడియారము కాబట్టే అందరూ దానితో వాదిస్తారు. పొన్నేరి స్టేషనులో రైలు కదిలిపోతుంటే "నా వాచీలో ఇంకా రెండు నిమిషములు ఉంది" అని ఎవరూ వాదించరు. ఇక్కడ మాత్రము వాదించడానికి కోచ్‌లు ఉన్నారు.

ఈ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరిలో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు రూపొందించాడు. ఆయన వేదాంత విద్య చదివినవాడు. ఆయన వ్రాసిన నియమములు పదమూడే. వాటిలో సమయము చూసే పని రిఫరీదే. ఆట పెద్దదయ్యే కొద్దీ ఆ పనిని విడదీసి, ప్రక్కన బల్ల వద్ద కూర్చున్న టైమర్‌కు అప్పగించారు. ఇది చిన్న మార్పుగా కనబడుతుంది గాని ఆలోచిస్తే పెద్దది. తీర్పు చెప్పేవాని చేతిలో గడియారము లేదు. గడియారము ఉన్నవానికి తీర్పు చెప్పే అధికారము లేదు. ఒకరు లేక మరొకరు నడవలేరు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. ఆ నందనము కళాశాలలో చదివి వచ్చిన డ్రిల్లు మాస్టార్లను మన తరము వారు చాలామంది చూసే ఉంటారు. తెల్ల ప్యాంటు, మెడలో ఈల, కోపము వచ్చినా గొంతు పెంచని అలవాటు. అటువంటి మాస్టారు ఒకరు నా కథలోకి కూడా వస్తారు.

ఇక గడియారము మీద తగాదా వచ్చినప్పుడు మంచి రిఫరీ ఏమి చేస్తాడో చూద్దాము. మొదట ఆయన తొందరపడడు. బంతి ఆటలో ఉండగా, ఒక జట్టు బుట్ట వైపు దూసుకుపోతుండగా, బల్ల వద్ద వారు గంట మోగించి ఆపకూడదు. బంతి ఆగే వరకు ఆగాలి. తప్పును సరిదిద్దబోయి మరొక తప్పు చేయకూడదని దీని భావము. కోచ్‌కు కూడా ఇదే కట్టుబాటు. బంతి ఆగి, గడియారము ఆగినప్పుడే ఆయన బల్ల వద్దకు వచ్చి స్కోరు ఎంత, సమయము ఎంత అని అడగవచ్చు. రిఫరీతో మర్యాదగా మాట్లాడవచ్చు. బల్ల గుద్దినా, చేతులు విసిరినా, మర్యాద తప్పినా టెక్నికల్ ఫౌల్ పడుతుంది, ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో పోతుంది. అడిగే హక్కు కోచ్‌ది. జవాబు మాత్రము ఆయన సొత్తు కాదు.

అనుభవము గల రిఫరీలు కొత్తవారికి ఒక మాట చెబుతారు: కోచ్ ప్రశ్నకు జవాబు చెప్పు, కోచ్ ప్రకటనకు చెప్పవద్దు. "ఐదు సెకన్లు మింగేశారు!" అన్నది ప్రశ్న కాదు. "బంతి ఎవరికి తగిలినప్పుడు గడియారము మొదలైంది?" అన్నది ప్రశ్న. మొదటిదానికి తల ఊపి ఊరుకోవచ్చు. రెండవదానికి జవాబు బాకీ ఉన్నది. మన కమిటీ కూటములలో కూడా ఈ తేడా తెలిసి ఉంటే సగము రాత్రులు తొందరగా ఇంటికి చేరేవారమని నాకు అనిపిస్తుంది.

తరువాత ఆయన ఇద్దరు కోచ్‌లను వారి బెంచీల దగ్గరకు పంపి, తోటి రిఫరీని, టైమర్‌ను, స్కోరర్‌ను అడుగుతాడు. ఇక్కడే ఆయన పనితనము తెలుస్తుంది. గడియారము నిలిచిపోయినా కాలము ఆగదు కదా, అది ఎక్కడో ఒక గుర్తు వదిలే ఉంటుంది. బంతిని లోపలికి విసరడానికి ఆటగాడికి ఐదు సెకన్లే ఉంటాయి. వాటిని రిఫరీ చేయి ఊపుతూ అందరికీ కనబడేటట్టు లెక్కపెడతాడు. వెనుక సగము నుండి బంతిని ముందుకు తెచ్చుకోవడానికి ఎనిమిది సెకన్లు. బుట్టలో వేయడానికి ప్రయత్నించేందుకు ఇరవై నాలుగు సెకన్లు, దానికి వేరే గడియారము, వేరే మనిషి. పెద్ద గడియారము కదలకపోయినా ఆ ఇరవై నాలుగు సెకన్ల గడియారము కదిలి ఉంటే, అది పదిహేడుకు వచ్చి ఉంటే, ఏడు సెకన్లు పోయినట్టు నిశ్చయముగా తెలుస్తుంది. అప్పుడు రిఫరీ ఆ ఏడు తీసివేస్తాడు. ఎవరి మాట మీదా ఆధారపడనవసరము లేదు. వీడియో ఉన్న పెద్ద పోటీలలో దానిని చూస్తారు. అంతర్జాతీయ నియమములలో 2022 నుండి, అటువంటి ఏర్పాటు ఉన్న ఆటలలో, కోచ్ ఒక ఆటకు ఒక్కసారి చూడమని కోరవచ్చు కూడా. మైక్ కోస్టబైల్ అనే అమెరికన్ రిఫరీ అయితే, ఈల శబ్దము మైకులో పడగానే గడియారము తనంతట తానే ఆగే యంత్రమునే తయారుచేశాడు. మనిషి వ్రేలు ఎంత ఆలస్యమో ఆయనకు బాగా తెలిసి ఉండాలి.

నిర్ణయము అయిన తరువాత ఇద్దరు కోచ్‌లనూ కలిపి పిలిచి, ఇద్దరికీ ఒకే మాటలలో చెబుతాడు. ఒకరి చెవిలో ఒకటి, మరొకరి చెవిలో మరొకటి చెప్పకూడదు. ఆ పైన ఆట. రిఫరీ స్కోరు షీటు మీద సంతకము చేసే వరకు సమయములో తప్పును సరిదిద్దవచ్చు. సంతకము పడితే ఆయన పని ముగిసింది. న్యాయము జరగలేదని అనుకునే జట్టు నాయకుడు సంతకము చేయడానికి ఆ షీటులోనే ఒక గడి ఉంటుంది. ఆ గడి నాకు చాలా ఇష్టము. ఓడినవాని ఫిర్యాదుకు కూడా కాగితములో ముందే చోటు ఉంచారు.

అమెరికా పాఠశాలల నియమములలో మన కుర్రవాని ప్రశ్నకు సూటిగా తగిలే మాట ఒకటున్నది. టైమర్ పొరపాటు ఎంత స్పష్టమైనదైనా, ఎంత సమయమో రిఫరీకి నిశ్చయమైన సమాచారము ఉంటేనే సరిదిద్దాలి. అంచనాకు చోటు లేదు. ఒకప్పుడు ఆ నియమములలో ఒక సెకను లోపలి ఆలస్యమును పొరపాటుగానే లెక్కించేవారు కాదు, మనిషి చేతికి ఆ మాత్రము సహజమని. తరువాత దానిని తీసివేశారు.

కుర్రవాని వాదము బలమైనదే. పది అని ఒకరు, మూడు అని ఒకరు అంటున్నారు. అసలు ఏమీ పోలేదని ఎవరూ అనడము లేదు. అట్లాంటప్పుడు సున్న అని తీర్పు ఇవ్వడము, తప్పని అందరికీ తెలిసిన ఒకే ఒక్క అంకెను ఎంచుకొన్నట్టు కాదా? మధ్యలో ఒక ఆరు తీసివేయవచ్చు కదా?

మన ఊళ్ళలో పెద్దమనుషులు చేసేది అదే. గట్టు తగాదా అయినా, ఇంటి పంపకమైనా, అటు సగము ఇటు సగము. దానితో ఆ రాత్రికి శాంతి వస్తుంది, నిజమే. కాని మధ్యకు విరిచే పెద్దమనిషి ఉన్నాడని తెలిస్తే, మరుసటిసారి పది అన్న కోచ్ ఇరవై అంటాడు. మూడు అన్నవాడు మూడే అన్నందుకు నష్టపోతాడు. నిజమునకు దగ్గరగా మాట్లాడినవాడు దండుగ కట్టవలసి వస్తుంది. రిఫరీ తన అంచనాతో ఒక అంకె చెబితే మాత్రమేమి? అది ఆయన మనసు ఎటు మొగ్గుతుందో అటే మొగ్గుతుంది. ఇంతవరకు పుస్తకము చదివిన ఎవరైనా చెప్పగలరు. ఇది చెప్పడానికే అయితే నేను కలము పట్టేవాడిని కాను.

ఎనభైలలో నేను కొత్తగా ఉద్యోగములో చేరిన రోజులవి. మా చుట్టుప్రక్కల బడుల మధ్య ఆటల పోటీలు జరిగాయి. మనుషులు చాలక, నా చేతికి ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి బల్ల వద్ద కూర్చోబెట్టారు. కీ ఇచ్చే వాచీ, దానికి ఒక ముల్లు. అందరికీ కనబడే గడియారము లేదు. సమయము నా అరచేతిలోనే ఉన్నది. ముగిసినప్పుడు కొట్టడానికి ప్రక్కనే రైలు పట్టా ముక్క వ్రేలాడదీశారు.

చివరి పన్నెండు సెకన్లు. మా బడి ఒక పాయింటు వెనుకబడి ఉన్నది. బంతి బయటకు పోయింది. రిఫరీ చేయి ఎత్తి ఉన్నాడు. బంతి లోపలికి వచ్చింది, ఆయన చేయి దిగింది. నేను నొక్కలేదు. ఐదవ తరగతిలో నా దగ్గర చదివిన పిల్లవాడొకడు ఆ జట్టులో ఉన్నాడు. బంతి వాడికి అందుతుందా లేదా అని చూస్తున్నాను. తల దించి చూస్తే ముల్లు నిలబడి ఉన్నది. వెంటనే నొక్కాను. ఆ పిల్లవాడే ఎగిరి బంతి వేశాడు, అది బుట్టలో పడింది. బంతి వాడి చేయి వదిలేటప్పటికి నా వాచీలో ఇంకా మూడు సెకన్లు ఉన్నాయి. అవి అయిన తరువాత పట్టా కొట్టాను.

ఎదుటి జట్టు కోచ్ వచ్చాడు. బల్ల గుద్దలేదు. రెండు మూరల దూరములో చేతులు వెనుకకు కట్టుకొని నిలబడి "వాచ్ ఓడవే ఇల్లై, సార్" అన్నాడు. వాచీ నడవనే లేదని ఆయన మాట. రిఫరీ నందనములో చదివిన పెద్ద మాస్టారు. ఆయనను అక్కడే నిలబెట్టి నా దగ్గరకు వచ్చారు.

"ఆలస్యమైందా?"

"అయింది సార్."

"ఎంత?"

"రెండు సెకన్లు ఉంటుంది సార్."

"ఉంటుందా, ఉన్నదా?"

లెక్క నాకు అప్పటికే తెలుసు. ఆలస్యము మూడు సెకన్ల లోపల అయితే బుట్ట నిలుస్తుంది, దాటితే నిలవదు. "రెండే సార్. ఉన్నది" అన్నాను. ఆయన నా ముఖము ఒకసారి చూశారు. ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, ఆలస్యము రెండు సెకన్లు, బంతి సమయములోనే చేయి వదిలింది, బుట్ట చెల్లుతుంది అన్నారు. మా బడి ఒక పాయింటుతో గెలిచింది. ఆ కోచ్ తల ఊపి, తన పిల్లలను నీళ్ళు త్రాగమని చెప్పి, బస్సు దగ్గరకు నడిపించుకొని పోయాడు.

అది రెండో, ఐదో, ఏడో నాకు తెలియదు. ఈనాటికీ తెలియదు.

చాలా ఏండ్లు ఈ సంగతి నన్ను బాధించింది. తరువాత ఎప్పుడో నియమములు శ్రద్ధగా చదువుతుండగా నాకు ఒక విషయము తట్టింది. ఆ రోజు నేను "ఎంతో తెలియదు సార్" అని ఉంటే ఏమయ్యేది? నిశ్చయము లేదు కాబట్టి వాచీలో ఉన్నదే నిలిచేది. బుట్ట చెల్లేది. మా బడే గెలిచేది! నా అబద్ధము స్కోరును ఒక్క అంకె కూడా మార్చలేదు. ఆ రాత్రి నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఎవరికీ నష్టము లేని అబద్ధమునకు ఎందుకింత కాలము ఏడ్చానా అనుకున్నాను.

ఆ తేలిక ఎక్కువ రోజులు నిలవలేదు. "తెలియదు" అని ఉంటే మాస్టారు అక్కడితో ఆగేవారు కారు కదా. నా ప్రక్కన కూర్చున్న స్కోరర్‌ను అడిగేవారు. అవతల నిలబడిన రెండవ రిఫరీని అడిగేవారు, అలవాటుగా ఆయన మనసులో లెక్కపెట్టి ఉండవచ్చు. తన చేయి దిగినప్పటి నుండి తాను ఏమేమి చూశారో గుర్తుకు తెచ్చుకునేవారు. నిజము ఎవరి దగ్గరో ఉండి ఉండవచ్చు. నేను రెండు అనగానే ఆ వెదుకులాట ఆగిపోయింది. ఒక నిశ్చయమైన అంకె వినబడిన తరువాత ఇక ఎవరినీ అడగవలసిన పని లేదు. నా మాట నిజమునకు అడ్డుగా పెట్టిన తలుపు అయింది.

ఆ కోచ్ సంగతి ఇంకొకటి. "టైమర్‌కు తెలియదు, అందువలన గడియారములో ఉన్నదే ఉంచుతున్నాము" అని విని ఉంటే, తన కళ్ళు సరిగ్గానే చూశాయని ఆయనకు తెలిసేది. స్కోరు షీటులోని ఆ గడిలో తన జట్టు నాయకుని చేత సంతకము పెట్టించేవాడు. రెండు సెకన్లు అని విన్న తరువాత వ్రాయడానికి ఏమి మిగిలింది? తానే పొరబడ్డానని అనుకొని బస్సు ఎక్కి ఉంటాడు. పది ఆజ్ఞలలో తొమ్మిదవదానిని నేను పిల్లలకు ఎన్నోసార్లు బోధించాను. అది శత్రువు మీద పగతో కోర్టులో చెప్పే అబద్ధము గురించినదని చాలా కాలము అనుకున్నాను. తెలియనిదానిని తెలిసినట్టు చెప్పడము కూడా దానిలోకే వస్తుందని, ఎదుటివానికి తన కళ్ళ మీద తనకే నమ్మకము లేకుండా చేస్తుందని, ఒక స్టాప్‌వాచ్ వలన నేర్చుకున్నాను.

ప్రపంచములో ఈ ఆటకు సంబంధించి అన్నిటికన్న పెద్ద గడియారపు తగాదా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జరిగింది. సెప్టెంబరు 9 రాత్రి బాగా పొద్దుపోయి మొదలై, అర్ధరాత్రి దాటిన తరువాత ముగిసిన ఫైనల్ అది. అమెరికా, సోవియట్ యూనియన్. మూడు సెకన్లు ఉండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50-49తో ముందుకు తెచ్చాడు. సోవియట్లు బంతి లోపలికి వేశారు. టైమ్ ఔట్ అడిగాము, ఇవ్వలేదు అంటూ వారి పక్షమువారు బల్ల మీదకు వచ్చారు. ఒక సెకను ఉండగా ఆట ఆగింది. అప్పుడు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ ప్రేక్షకుల నుండి దిగి వచ్చి, మూడు వ్రేళ్ళు చూపించి, మూడు సెకన్లు తిరిగి పెట్టమన్నాడు. గడియారము సరిచేయక ముందే బంతి ఆటలోకి వచ్చింది, గంట మోగింది, అమెరికన్లు గెలిచామని గంతులు వేశారు. మరల ఆపి మూడవసారి ఆడించారు. ఇవాన్ ఎదెష్కో ఈ చివర నుండి ఆ చివరకు విసిరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేశాడు. 51-50.

ఆ మూడు సెకన్లు సోవియట్లకు న్యాయముగా రావలసినవే అని వాదించేవారు ఉన్నారు. వారి వాదములో పస లేదని నేను అనను. కాని జరుగుతున్న ఆటలో నిర్ణయము రిఫరీలది. జోన్స్ ఎంత పెద్దవాడైనా ఆ బల్ల వద్ద ఆయనకు కుర్చీ లేదు. ఆ మూడు వ్రేళ్ళు లేచిన తరువాత టైమర్‌ను, రిఫరీలను అడిగి నిదానముగా నిర్ణయించే దారి మూసుకుపోయింది. రిఫరీలలో ఒకడైన బ్రెజిల్ వాడు రెనాటో రిగెట్టో స్కోరు షీటు మీద సంతకము చేయడానికి నిరాకరించాడు. అమెరికా చేసిన అప్పీలును ఐదుగురి బృందము 3-2 తేడాతో తోసిపుచ్చింది. పన్నెండు మంది అమెరికా ఆటగాళ్ళలో ఒక్కడు కూడా వెండి పతకము తీసుకోవడానికి రాలేదు. వారిలో కెన్నీ డేవిస్ అనే ఆయన, తన తరువాత భార్యాబిడ్డలు కూడా దానిని తీసుకోకూడదని వీలునామాలో వ్రాయించాడు. అంత పట్టుదల మంచిదా అంటే నాకు సందేహమే. అయినా ఆ వీలునామా గురించి చదివినప్పుడు, చేతులు వెనుకకు కట్టుకొని నిలబడిన మా కోచ్ నాకు గుర్తుకు వచ్చాడు. ఆయనకు వ్రాయించడానికి ఏమీ మిగలకుండా చేసినవాడిని నేను.

అడిగే దారి తెరిచి ఉంటే, ఓడినవాని ఫిర్యాదు కూడా వ్యర్థము కాదు. 1990 జనవరి 15న న్యూయార్క్‌లో చికాగో జట్టుతో ఆట 106-106 వద్ద సమానముగా ఉన్నది. గడియారములో సెకనులో పదవ వంతు మిగిలింది. న్యూయార్క్ ఆటగాడు ట్రెంట్ టక్కర్ బంతి అందుకొని, తిరిగి, మూడు పాయింట్ల బుట్ట వేశాడు. కన్ను మూసి తెరిచేంత సమయము కూడా లేనప్పుడు ఒక మనిషి ఇన్ని పనులు చేయలేడని చికాగో ఫిర్యాదు చేసింది. లీగ్ దానిని త్రోసివేసింది. ఫలితము మారలేదు. కాని అటు తరువాత నియమము మారింది: బంతి పట్టుకొని వేయాలంటే కనీసము 0.3 సెకన్లు ఉండాలి, అంతకన్న తక్కువ ఉంటే తట్టి మాత్రమే వేయాలి. ఇప్పుడు అంతర్జాతీయ నియమములలో కూడా అంతే. చికాగోకు దక్కనిది తరువాత వచ్చిన జట్లన్నిటికీ దక్కింది.

లెక్క నిశ్చయముగా తెలిస్తే కాలమును తిరిగి ఇవ్వడము కూడా జరిగింది. 2007 డిసెంబరు 19న అట్లాంటాలో బల్ల వద్దవారు షకీల్ ఓనీల్ ఫౌళ్ళు తప్పు లెక్కపెట్టి, ఐదు ఉండగా ఆరు అని బయటకు పంపారు. మయామీ ఫిర్యాదును లీగ్ ఒప్పుకొని, ఆ క్షణము నుండి మిగిలిన 51.9 సెకన్లను 2008 మార్చి 8న మరల ఆడించింది. అప్పటికి ఓనీల్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. ఆ 51.9 సెకన్లలో ఎవరూ ఒక్క పాయింటు కూడా చేయలేదు. సమయము వెనుకకు వచ్చింది గాని, ఎవరి కొరకు వచ్చిందో ఆ మనిషి అక్కడ లేడు.

కనుక, నాయనా, ఆ సాయంత్రము జరిగినది న్యాయమని నేను నీకు చెప్పను. నీ జట్టుకు కొన్ని సెకన్ల నష్టము జరిగింది, అది ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ అన్న చేసినది ఏమంటే, తనకు తెలియదని ముప్పై మంది ముందు ఒప్పుకున్నాడు. నీ కోపము సరియైనదే అని చెప్పినట్టే అది. నువ్వు నా దగ్గరకు వచ్చి అడగగలిగావంటే, ఆయన నీకు తలుపు తెరిచి ఉంచినందువలననే. నేను బల్ల వద్ద కూర్చున్న రోజు అవతలి జట్టులో నీ వయసు పిల్లలే ఉన్నారు. వారిలో ఒక్కడు కూడా ఎవరినీ ఏమీ అడగలేదు.

ఉద్యోగ విరమణ తరువాత ఒకసారి ఆ కోచ్ ఎక్కడ ఉన్నారో తెలుసుకొని వెళ్ళాను. ఆరణి నది అవతల ఒక పల్లెలో, వేపచెట్టు క్రింద మంచము మీద కూర్చొని ఉన్నారు. కాఫీ ఇచ్చారు. నేను ఎవరో చెప్పి, వాచీ సంగతి, రెండు సెకన్ల సంగతి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆట గుర్తున్నది, ఒక పాయింటుతో ఓడిన సంగతి గుర్తున్నది. వాచీ గురించి తాను మాట్లాడినట్టు గుర్తు లేదన్నారు. ఆయన మనసులో ముప్పై ఏండ్లుగా ఉన్నది వేరే ఫిర్యాదు. బంతి వేసేటప్పుడు మా పిల్లవాని కాలు గీత మీద ఉన్నదట, దానిని రిఫరీ చూడలేదట.

"మీరు చూశారా సార్?" అని అడిగారు.

"చూడలేదు. నేను వాడి చేతులనే చూస్తున్నాను" అన్నాను. అది నిజము.

"అయితే సరే" అని ఇంకొక లోటా కాఫీ తెమ్మని లోపలికి కేక వేశారు.